నిజానికి గడి లేదు

మా మోక్షిత మొన్నీమధ్య గుమ్మంలో పడి ముందు పన్ను ఊడగొట్టుకుంది. నేను కంగారుపడి ఏడుస్తుంటే మా ఆయన అప్పాజీ పిల్ల నోరు తెరిపించి చూసి, "ఎందుకే అంత ఏడుపు? మున్సిపాలిటీ లెక్కలో దీనికింకా పళ్ళే రాలేదు" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు గానీ మాటలో అబద్ధం లేదు. అప్పటికి మా ఊరి పురపాలక సంఘం రిజిస్టరు ప్రకారం మా పిల్ల వయసు సున్నా. ఒకటో తరగతిలో చేర్చాలంటే ఆగస్టు ఆఖరుకి అయిదు నిండాలి. ఆ అయిదూ నిండడానికి ఇంకా తొంభై ఏళ్ళు పడుతుందని రాసిచ్చారు. కింద సీలు కూడా వేశారు.

సీలున్న కాయితం చూస్తే నాకు అరచేతులు చెమటలు పడతాయి. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. టీసీలో మా ఇంటిపేరు తప్పు పడింది, దిద్దించుకు రమ్మన్నారు. అది దిద్దేలోపల నాకు పెళ్ళయి ఇంటిపేరే మారిపోయింది. అందుకని పిల్ల విషయంలో మొదట్నుంచీ జాగ్రత్తగా ఉన్నాను. అది కడుపులో ఉండగానే దాని జనన ధ్రువపత్రానికి ప్లాస్టిక్ కవరు కొనిపెట్టుకున్నాను. అయినా ఇలా జరిగింది.

ఇదంతా ఉగాదికి మొదలైంది. ఆ రోజు పురపాలక సంఘం ఆవరణలో పంచాంగ శ్రవణం అయ్యాక కమిషనర్ విరూపాక్షం గారు మైకు అందుకున్నారు. "పురప్రజలారా! పరాయి తారీకుల కింద మనము ఎన్నాళ్ళు నలిగెదము? నేటినుండి మన పురపాలక సంఘము స్వకీయ కాలమానములో ఊపిరి పీల్చును. తేదీలు రద్దు. ఇకపై అంతయూ తిథులే!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఉగాది పచ్చడి ఇంకా పంచలేదు, కొట్టకపోతే పంచేలా లేరు.

మొదట్లో సరదాగానే ఉండేది. ఇదివరకు మా వడ్లమిల్లు వీధికి రోజు విడిచి రోజు కుళాయి వచ్చేది. ఇప్పుడు సరి తిథులు మావి, బేసి తిథులు ఎదురు వీధివి అన్నారు. విదియ, చవితి, షష్ఠి, అష్టమి మాకు. తదియ, పంచమి, సప్తమి, నవమి వాళ్ళకి. తిథి ప్రవేశించిన నిమిషానికి నీళ్ళు వదలాలి. వాల్వు తిప్పే సింహాచలం ఒక చేత్తో పంచాంగం, ఒక చేత్తో స్పానరు పట్టుకుని, "షష్ఠి ఒంటిగంటా పదిహేడుకమ్మా, ఇంకా నాలుగు నిమిషాలుంది, తోసుకోకండి" అనేవాడు. మేం బిందెలు పెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడేవాళ్ళం. చంద్రుడు కదులుతాడని చూడ్డం. పట్టపగలు చంద్రుడు ఎక్కడ కనబడతాడు!

ఒకరోజు సింహాచలం వట్టి చేతులతో వచ్చాడు. "అష్టమి క్షయం అమ్మా. దానికి సూర్యోదయం తగల్లేదు. మీ నీళ్ళు లేవు" అన్నాడు.

"అష్టమికి సూర్యోదయం తగలకపోతే నా పప్పుకి నీళ్ళు తగలకూడదేంట్రా?" అని మా అత్తమ్మ గంగరత్నం గారు లేచింది.

"నన్నంటావేంటి పిన్నీ? చంద్రుణ్ణి అడుగు."

ఆ వెంటనే నవమి రెండు సూర్యోదయాలకి తగిలింది. ఎదురు వీధివాళ్ళకి రెండు రోజులు నీళ్ళొచ్చాయి. వాళ్ళు స్కూటర్లు కడుక్కుని, మా వైపు చూసి, మళ్ళీ కడుక్కున్నారు.

ఏకాదశి నాడు ఫైళ్ళకి ఉపవాసం పెట్టారు. మనుషులు ఆఫీసుకి వస్తారు, కాయితం మాత్రం లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. సగం మంది స్మార్త ఏకాదశి అన్నారు, సగం మంది వైష్ణవ ఏకాదశి అన్నారు, కనుక ఉపవాసం ఒక్కోసారి రెండు రోజులు. పారణ పేరుతో ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ సీటులో ఉండరు. మా అత్తమ్మ విని ముక్కున వేలేసుకుంది. "నేను నలభై ఏళ్ళనుంచి ఏకాదశి ఉంటున్నాను. కడుపుకి తిండి లేదు గానీ చేతులకి ఏనాడూ ఉపవాసం లేదే!" అంది.

వేసవి సెలవుల్లో ఊళ్ళోవాళ్ళ జనన ధ్రువపత్రాలన్నీ తిథుల్లోకి మార్చేశారు. నేను మురిసిపోయి కొత్త పత్రం కవరులో పెట్టుకుని, జూన్ రాగానే పిల్లకి రెండు జడలు వేసి బడికి తీసుకెళ్ళాను.

హెడ్మిస్ట్రెస్ ఎస్తేరమ్మ మేడమ్ మంచావిడ. పిల్లని దగ్గరికి తీసుకుని, "పేరు రాస్తావా అమ్మా?" అని పలక ఇచ్చింది. మోక్షిత నాలుక బయటపెట్టి 'మోక్షిత' అని రాసింది. రెండో ఎక్కం అప్పజెప్పింది. అడక్కుండానే మా ఇంట్లో అందరి ఫోన్ నంబర్లూ చెప్పింది. మేడమ్ నవ్వుకుంటూ కంప్యూటర్లో జనన పత్రం నంబరు కొట్టింది. కొట్టి, నవ్వడం మానేసింది.

"వీరవేణీ, ఈ పిల్లకి ఎన్నేళ్ళు?"

"జులై ఇరవై తొమ్మిదికి అయిదండీ."

"చూస్తే అయిదు. మాట్లాడితే పది. ఇందులో సున్నా అంటోంది." తెర నా వైపు తిప్పింది. వయసు: 0. "నాకా తిథులూ వారాలూ తెలీవమ్మా. ఇది అయిదు అనాలి, నేను చేర్చుకోవాలి. జూన్ ముప్ఫైకి అడ్మిషన్లు ఆఖరు. ఈలోగా దిద్దించుకురా."

దిద్దించుకురా అన్న మాట వినగానే నా టీసీ గుర్తొచ్చింది. నాకూ అదే మాట చెప్పారు అప్పుడు.

జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు పరాంకుశం గారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు కూడా తప్పుగా పంపలేదని ఆయనకి పేరు. ఒక్క ఫైలు కూడా తొందరగా పంపలేదని ఇంకో పేరు.

"సదరు శిశువు అధిక శ్రావణ శుద్ధ ఏకాదశి నాడు జన్మించినది" అన్నారాయన, కళ్ళద్దాల పైనుంచి మోక్షితని చూసి.

"శిశువు కాదండీ, మా అమ్మాయి."

"అదే. ఉత్తర్వు మూడో పేరా. జన్మించిన మాసము, పక్షము, తిథి యథాతథముగా పునరావృతమైననాడే ఒక సంవత్సరము నిండినట్లు. మీ అమ్మాయి అధిక శ్రావణం. మళ్ళీ అధిక శ్రావణం వచ్చేది ఇది పుట్టిన పందొమ్మిదేళ్ళకి. అప్పుడు దీనికి ఒకటి నిండును."

"మరి అయిదండీ?"

"అయిదు పందొమ్మిదులు ఎంత?"

నేను వేళ్ళమీద లెక్కపెడుతూ ఉంటే ఆయనే చెప్పారు. "తొంభై అయిదు. అయిదు గడిచినవి గనుక ఇంకా తొంభై."

"అప్పటికి ఒకటో తరగతి పుస్తకాలు మారిపోవాండీ?"

"మారును. అందుకే ఇప్పుడు కొనకండి" అని సీలు వేశారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా అత్తమ్మ నన్ను రెక్క పుచ్చుకుని సిద్ధాంతి గారి దగ్గరికి లాక్కుపోయింది. ఆయన భోజనం చేస్తూ చేస్తూనే తేల్చేశారు. "మూడేళ్ళకోసారి ఒక నెల రెండుసార్లు వస్తుందమ్మా. మొదటిది అధికం. రెండోది నిజం. పండగలూ పబ్బాలూ నిజంలోనే. మామూలు ఏడాదుల్లో వచ్చే శ్రావణం కూడా నిజమే. అధిక శ్రావణంలో పుట్టినవాళ్ళు ఏటా నిజ శ్రావణంలో పుట్టినరోజు చేసుకుంటారు. ఇది మా తాతగారికి తెలుసు, మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికీ తెలుసు." ఎడంచేత్తోనే చీటీ రాసిచ్చారు.

నేను పరుగున ఆఫీసుకి వెళ్ళాను. ఆ రోజు ఏకాదశి. మర్నాడు ఇంకో ఏకాదశి. ఆ మర్నాడు పారణ. నాలుగో రోజు పరాంకుశం గారు చీటీ రెండువైపులా చదివారు.

"సిద్ధాంతి గారు చెప్పినది శాస్త్రము కావచ్చును. కాదనను. కానీ మా రిజిస్టర్లో అధికానికి గడి ఉంది. నిజానికి గడి లేదు."

"మరి నిజం ఎక్కడ రాస్తారండీ?"

ఆయన రిజిస్టరు అటూ ఇటూ తిరగేశారు. "ఇంతవరకూ ఎవరూ రాయమని అడగలేదమ్మా" అన్నారు.

ఆ మర్నాడు అంగన్‌వాడీ టీచర్ ధనకుమారి మా ఇంటికొచ్చింది, చంకలో ఉయ్యాల తక్కెడ. "అక్కా, ఏడాది లోపు పిల్లల జాబితాలో కొత్తగా మోక్షిత పేరు వచ్చింది. తూకం వెయ్యాలి" అంది. తక్కెడ మా దూలానికి కట్టి పిల్లని కూర్చోబెడితే అది ఉయ్యాల అనుకుని కాళ్ళు ఊపింది. దూలం మీది పెంకు జారి పడింది. ముల్లు పదహారు కిలోల దగ్గర ఆగింది. ధనకుమారి రాసుకుని, రాసుకున్నది చూసుకుని, "అక్కా! జిల్లాలో ఇలాంటి శిశువు లేదు!" అంది. బాలామృతం పొట్లం చేతిలో పెట్టి, ఆదివారం ఆరోగ్య శిశువుల పోటీకి రమ్మంది.

వెళ్ళను అన్నాను. "వెళ్ళవే, కమిషనర్ గారొస్తారు, అక్కడే మొరపెట్టుకో" అంది మా అత్తమ్మ. వెళ్ళాం.

పురమందిరంలో ఏడాది లోపు పిల్లలందరినీ వాళ్ళమ్మలు ఒళ్ళో పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. మోక్షిత కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. న్యాయనిర్ణేతగా వచ్చిన డాక్టరమ్మ కాయితం చూసి వరసగా అడిగింది.

"మెడ నిలబెడుతుందా?"

"నిలబెడుతుందండీ."

"బోర్లా పడుతుందా?"

"ఎలా పడితే అలా పడుతుందండీ."

"ఏమైనా శబ్దాలు చేస్తుందా?"

"ఆంటీ, నేను రెండో ఎక్కం చెప్పనా?" అంది మోక్షిత.

డాక్టరమ్మ 'శబ్దాలు చేయును' అని రాసుకుంది.

మొదటి బహుమతి మాకే. పాలసీసా, గిలక్కాయ, ప్రశంసాపత్రం. పక్కన తొమ్మిది కిలోల పిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "ఏం పెడతావమ్మా దీనికి?" అని పళ్ళు కొరుకుతూ అడిగింది. "ఇడ్లీలండీ" అన్నాను.

కమిషనర్ గారు మైకులో ఉప్పొంగిపోయారు. "స్వకీయ కాలమానము అమలైన తొంభై దినములలోనే మన పట్టణ శిశువులు మాట్లాడుచున్నారు! గణితము చేయుచున్నారు! ప్రపంచములో ఇంకెక్కడ?" అని, వంగి, "చిట్టీ, నీ పేరేమిటి?" అన్నారు.

"మోక్షిత. మీ పేరేంటి?"

"విరూపాక్షం."

"మీరు ఏ క్లాసు?"

హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వారు. నేను ఆ అదను చూసి పాదాల దగ్గరికంటా వంగి, "అయ్యా, పిల్ల అధిక శ్రావణంలో పుట్టిందండీ, నిజం రాయించండి, బళ్ళో చేర్చుకోవట్లేదు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. పరాంకుశం గారు పక్కనుంచి పందొమ్మిదేళ్ళ లెక్క వివరించారు.

కమిషనర్ గారి నవ్వు ఆగిపోయింది. "అధిక శ్రావణమా?" అన్నారు నెమ్మదిగా. "మా అమ్మ నాకూ అదే చెప్పేది..."

ఆయన మొహం వెలిగిపోయింది. మా పని అయిపోయిందని నేనూ వెలిగిపోయాను. ఒకే దీపానికి ఇద్దరం వెలిగాం గానీ ఎవరి వెలుతురు వాళ్ళదని రెండు రోజులకి గాని తెలియలేదు.

జూన్ ఆఖరుకి ఆయన పదవీ విరమణ. ముందువారమే సన్మానం పెట్టారు. శాలువా, గజమాల, పడక్కుర్చీ అన్నీ సిద్ధం. ఆయన మాల వేయించుకుని, శాలువా కప్పించుకుని, పడక్కుర్చీలో కూర్చుని చూసుకుని, లేచి మైకు అందుకున్నారు.

"మిత్రులారా! నా సర్వీసు రిజిస్టరులో జూన్ పద్నాలుగు అని ఉన్నది. అది పరాయి తారీకు. నా జాతకము ప్రకారము నేను అధిక శ్రావణమున జన్మించితిని. పరాంకుశంగారూ, చదవండి."

పరాంకుశం గారు చదివారు. "అధిక శ్రావణము కమిషనర్ వారు జన్మించిన పిమ్మట మూడు పర్యాయములు మాత్రమే వచ్చినది. కావున వారి వయసు మూడు సంవత్సరములు. విరమణకు అరవై రెండు నిండవలెను. అందుకు ఇంకను పట్టు కాలము..." కళ్ళద్దాలు సర్దుకున్నారు. "వెయ్యిన్నూట పదహారు సంవత్సరములు."

"శుభమైన అంకె!" అన్నారెవరో వెనకనుంచి. చప్పట్లు మారుమోగాయి. పడక్కుర్చీ మాత్రం ఆయన వెనక్కి ఇవ్వలేదు, ఆఫీసు గదిలో వేయించుకున్నారు.

ఆ వారంలో ఆఫీసులో పదకొండు మంది అధికంలో పుట్టినట్టు తేలింది. ఎవరూ దిగిపోరు, ఎవరికీ పైమెట్టు రాదు. మా వీధి చివర సూరన్న తాత కూడా అధికమేనట. ఆయనకి ముసలివాళ్ళ పింఛను ఆపేసి రోజూ కోడిగుడ్డు ఇవ్వడం మొదలెట్టారు. ఆయన ధనకుమారితో, "గుడ్డు సరే అమ్మా, పలక కూడా ఇస్తారా?" అన్నాడు. చిన్నప్పుడు బడికి పోలేదట.

నేను మళ్ళీ కమిషనర్ గారి గదికి వెళ్ళాను. అర్జీ మీద తన పేరు తనే రాస్తానని మోక్షిత పేచీ పెడితే రాయనిచ్చాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే అర్జీ చూసి, ఎంతో ప్రేమగా అన్నారు: "తొంభై ఏళ్ళు ఓపిక పట్టండమ్మా. భయమెందుకు? నేను ఇక్కడే ఉంటాను. స్వయముగా సంతకం పెడతాను."

బయటికొచ్చి పరాంకుశం గారి బల్ల దగ్గర కూలబడ్డాను. అడ్మిషన్లకి ఇంకా అయిదు రోజులే ఉంది. ఆయన అర్జీ తీసుకుని కింద చూసి తిరిగిచ్చేశారు.

"ఇది శిశువు సంతకం. చెల్లదు. తల్లి పెట్టవలెను."

"సరదాపడి రాసిందండీ. చెల్లదాండీ?"

"మైనరు. పద్దెనిమిది నిండనివారు ఎవరు పెట్టినా చెల్లదు."

నాకు నిజంగానే తెలీక అడిగాను. "మూడేళ్ళవాళ్ళు పెడితే?"

"మూడేళ్ళేమిటమ్మా, పదిహేడు నిండినా..." అంటూ ఆయన ఆగిపోయారు. చేతిలో కలం ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి కమిషనర్ గారి గది తలుపు వైపు చూశారు. తరవాత బల్ల మీద ఆ ఉదయం సంతకమై వచ్చిన నలభై ఫైళ్ళ దొంతర వైపు చూశారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు ఫైలు పంపని మనిషి. ఒక తెల్లకాయితం ముందుకు లాక్కున్నారు.

మధ్యాహ్నానికల్లా ఆఫీసులో చీమ కదల్లేదు. 'కమిషనర్ వారు మైనరు అయినందున, సంరక్షకుల సంతకము లేనిదే ఏ ఫైలునూ కదల్చరాదు' అని పరాంకుశం గారు నోటు పెట్టారు. కమిషనర్ గారు మండిపడి ఆ నోటు రద్దు చేస్తూ సంతకం పెట్టారు. అది మైనరు సంతకమని పరాంకుశం గారు తిప్పి పంపారు.

ధనకుమారికి కూడా కొత్త జాబితా అందింది. మూడు నిండిన పిల్లలు తప్పనిసరిగా కేంద్రానికి రావాలి, రాకపోతే ఆమెకి మెమో. పాపం ఆమె గుడ్డూ, పలకా పట్టుకుని కమిషనర్ గారి గది ముందు నిలబడి, "సార్, ఒక్క గంట వచ్చి కూర్చోండి సార్, హాజరు వేసుకుంటాను" అని బతిమాలింది. ఆయన హోదాకి తగదని మొదట కాదన్నారు, కాదంటే మూడేళ్ళు కాదని ఒప్పుకున్నట్టవుతుందని తట్టి వెళ్ళారు. ముక్కాలి పీట మీద కూర్చుని, సూరన్న తాత పక్కన గుడ్డు తిని, అభినయ గీతం పాడి, మధ్యాహ్నం నిద్ర వేళకి ఆఫీసుకి వచ్చేశారు.

సంరక్షకులు కావాలిగా. మున్సిపల్ జీపు వెళ్ళి పక్క ఊళ్ళో ఉన్న ఆయన తల్లి మాణిక్యాంబ గారిని తీసుకొచ్చింది. ఎనభై నాలుగేళ్ళావిడ. సన్నగా, తెల్లగా, దూదితో వత్తి చేసినట్టు ఉంటుంది. కొడుకు కుర్చీ పక్కనే ఆవిడకో కుర్చీ వేశారు. రెండు రోజులు ఏ ఫైలు మీదా సంతకం పెట్టలేదావిడ. "చదవకుండా ఎలా పెడతానురా?" అని ఒక్కో ఫైలూ మొదట్నుంచీ చదువుతూ కూర్చుంది. కొన్ని ఫైళ్ళని మొదటిసారి చదివినది ఆవిడేనట.

జూన్ ఇరవై తొమ్మిదిన ఏకాదశి. మర్నాడు రెండో ఏకాదశి. అదే అడ్మిషన్లకి ఆఖరు రోజు. ఇరవై తొమ్మిదినే నేను పొద్దున్నే లేచి దేవుడి ముందు దీపం పెట్టాను. మా అత్తమ్మ మడిచీర మీదే చెప్పులు వేసుకుంది. "పదవే. ఉపవాసం ఉన్నవాళ్ళని ఉపవాసం ఉన్నవాళ్ళే అడగాలి" అంది.

మోక్షితని చెరో చెయ్యీ పట్టుకుని గదిలోకి వెళ్ళాం. కమిషనర్ గారు చిరాగ్గా, "ఏకాదశి! ఫైళ్ళు ఉపవాసములో ఉన్నవి!" అన్నారు.

"నువ్వుండరా" అంది మాణిక్యాంబ గారు. "ఏమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు?"

"మామ్మగారూ, మా పిల్లని బళ్ళో చేర్చుకోవట్లేదండీ" అన్నాను. తరవాత ఎన్ని చెప్పానో నాకే తెలీదు. అధికం, నిజం, గడి, తొంభై ఏళ్ళు, పాలసీసా, చివరికి నా టీసీ సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ మధ్యలో ఎక్కడా ఆపలేదు.

అంతా విని కొడుకు వైపు తిరిగింది. "ఒరే విరూపాక్షం. నువ్వు పుట్టింది అధికంలోనే. పురిటి మంచం దగ్గరే మా అత్తగారు చెప్పింది, వీడి పుట్టినరోజు పాయసం నిజంలో పెట్టవే అని. అరవై ఒక్కసార్లు పెట్టాను. తిన్నావా, లేదా?"

"తిన్నానమ్మా."

"అరవై ఒక్క పాయసాలు తిన్నవాడికి మూడేళ్ళెలా వచ్చాయిరా?"

కమిషనర్ గారు పడక్కుర్చీలో కొంచెం కిందకి జారారు.

"ఇంకోటి విను. నిన్ను బళ్ళో వెయ్యడానికి తీసుకెళ్తే రెండు నెలలు తక్కువన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి కదల్లేదు. ఇదిగో, ఈ పిల్లతల్లి లాగే ఏడుస్తూ నిలబడ్డాను. మాస్టారు నా మొహం చూసి, 'జూన్ పద్నాలుగు అని రాసుకుంటున్నానమ్మా, లోపల కూర్చోబెట్టు' అన్నారు. ఆయన గడి ఉందా లేదా అని చూసుకోలేదు. చూసుకునుంటే నీకీ కుర్చీ లేదు, నాకీ జీపూ లేదు." చెయ్యి చాచింది. "పరాంకుశంగారూ, ఆ రిజిస్టరు ఇటివ్వండి. రూళ్ళకర్ర కూడా."

"అమ్మగారూ, ఈ రోజు రిజిస్టరు ఉపవాసం..."

"నేనూ ఉపవాసమే నాయనా. ఉపవాసం నోటికి, చేతికి కాదు."

"అదీ మాట!" అంది మా అత్తమ్మ, ఎవరూ అడక్కుండానే.

"అమ్మా! కమిషనర్ని నేను!" అన్నారు విరూపాక్షం గారు లేచి.

"మైనరువి. కూర్చో."

ఆవిడ అధికం గడి పక్కన ఎర్ర పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీసింది. ముసలి చెయ్యి, గీత కొంచెం వంకర పోయింది. పైన 'నిజం' అని రాసింది. కింద 'చిరంజీవి విరూపాక్షం తల్లి' అని సంతకం పెట్టింది. పరాంకుశం గారు ఆ సంతకాన్ని పరీక్షగా చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"సంరక్షకురాలు. సంతకము చెల్లును" అన్నారు. ఆ మనిషి మొహంలో అంత సంతోషం ఉంటుందని నేను అనుకోలేదు.

ఆ ఒక్క గీతతో మా మోక్షితకి గబగబా అయిదేళ్ళు వచ్చేశాయి, ఒక నెల తక్కువ; బడివాళ్ళ ఆగస్టు లెక్కకి అది చాలు. సూరన్న తాతకి డెబ్బై ఎనిమిది వచ్చేసి పింఛను తిరిగి మొదలైంది, పలక మాత్రం ఉంచుకున్నాడు. పదకొండు మంది గుమాస్తాలు ఒక్కసారిగా ముసలివాళ్ళయిపోయారు. కమిషనర్ గారికి అరవై ఒకటీ పది నెలలు అయ్యాయి.

"అమ్మా, నిజం ప్రకారమైనా నాకింకా రెండు నెలలు సర్వీసు ఉంది కదా!" అన్నారాయన ఆఖరి ఆశతో.

"ఆ రెండు నెలలూ మాస్టారివి" అంది మాణిక్యాంబ గారు. "ఇంటికి పద."

మర్నాడు సింహాచలం పడక్కుర్చీ జీపు మీద కట్టాడు.

అదే రోజు ఎస్తేరమ్మ మేడమ్ నంబరు కొట్టి, తెర వైపు చూసి, "అయిదు!" అని అరిచింది. పక్క గదుల్లోంచి టీచర్లు పరుగెత్తుకొచ్చారు. దరఖాస్తులో 'తల్లి చదువు' అని ఒక గడి ఉంది. 'ఎనిమిది' అని నా చేత్తోనే రాశాను. చెమట పట్టలేదు.

కమిషనర్ గారు దిగిపోయాక ఇప్పుడు మళ్ళీ తారీకులే. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. ఎదురు వీధి స్కూటర్లు మట్టికొట్టుకుని ఉన్నాయి.

నిన్న సాయంత్రం సింహాచలం ఒక నోటీసు పట్టుకొచ్చాడు. 'ఆరోగ్య శిశువుల పోటీలో ప్రథమ బహుమతి పొందిన సదరు శిశువుకు అయిదు సంవత్సరములని తేలినందున, పాలసీసాయు, గిలక్కాయయు పదిహేను దినములలో వాపసు చేయవలెను.' కింద సీలు. నా అరచేతులు మళ్ళీ తడిశాయి. గిలక్కాయ ఎప్పుడో పగిలింది. పాలసీసాలో మోక్షిత రోజూ బడికి మంచినీళ్ళు తీసుకెళ్తోంది.

"అందినట్టు సంతకం పెట్టు వదినా" అన్నాడు సింహాచలం.

నేను చేతులు తుడుచుకునేలోపల మోక్షిత కలం లాక్కుంది. గోడకి ఆనించి, నాలుక ఊడిన పన్ను సందులోంచి బయటపెట్టి, ఊపిరి బిగబట్టి రాసింది.

"అయ్యో, మైనరు సంతకం చెల్లదు కదా వదినా!"

"చెల్లకపోతే మానె. ఏం రాసిందో చదువు."

సింహాచలం కాయితం దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"మోక్షిత. ఒకటో తరగతి."